ఒకే రాయిలో రెండు ముక్కలు

ఆమె మూకుడుకు అంటిన మాడు గీకుతుంటే వెనకనుంచి అత్తగారు అంది. "వాడి ఉంగరం చూడు, నీది చూడు. వస్తువు కాపాడుకోవడం కూడా చేతకావాలమ్మాయ్."

పెళ్లికి ఒకే నీలి ఫిరోజా రాయిని రెండుగా కోయించి, కొడుక్కీ కోడలికీ చెరో ఉంగరం చేయించింది ఆవిడే. తొమ్మిదేళ్లయింది. అతని వేలికున్నది ఇంకా వాన వెలిసిన ఆకాశంలా నీలంగానే ఉంది. ఆమెది నాచుపట్టిన గోడలా ఆకుపచ్చబడింది. నీ ఒంటి తత్వమే అంత అని భర్త ఒకసారి నవ్వుతూ అన్నాడు. అతను నవ్వుతూ అన్నవే ఆమెకు ఎక్కువకాలం గుచ్చుకుంటాయి.

ఆ రోజు ఆమెకు కాలు నిలవలేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. ఆఫీసులో ఒకే ఉత్తరం మూడుసార్లు టైపు చేసింది. మెరుగు పెట్టిస్తానని పొద్దున్నే అతని ఉంగరం కూడా అడిగి తెచ్చుకుంది; భోజనాల వేళ రాళ్లు పొదిగే ముసలాయన కొట్టుకు నడిచింది. తనది నకిలీ అని తేలితే బాగుండునని దారంతా అనుకుంది. తప్పు రాయిదైతే తనది కాదు.

ముసలాయన కంటికి అద్దం తగిలించి రెండింటినీ తిప్పితిప్పి చూశాడు. రెండూ అసలువేనన్నాడు. ఈ రాయి నూనె తాగుతుందట, సబ్బు తాగుతుందట, తాగి తాగి రంగు మారుతుందట. గాజుముక్కయితే ఏళ్లు గడిచినా అలాగే ఉండేదట.

"మరి ఇదెందుకు మారలేదు?" అతని ఉంగరం ముందుకు జరిపింది.

"ఇది పెట్టుకున్న చెయ్యి ఎన్నడూ గిన్నె తోమలేదు తల్లీ."

ఆమె తన ఉంగరం చేతిలోకి తీసుకుంది. తోమిన గిన్నెలు, ఉతికిన బట్టలు, మామగారి మోకాళ్లకు రాసిన నూనె, అతను తిని వదిలేసి లేచిన కంచాలు. ఎవరి కంటా పడలేదనుకున్నవన్నీ గోరంత రాయి తాగి కూర్చుంది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మెరుగు పెట్టమంటారా అని ముసలాయన అడిగితే వద్దంది.

సాయంత్రం అతను ఉంగరం కోసం చెయ్యి చాచాడు. ఆమె ఆకుపచ్చది పెట్టింది.

"ఇది నీది కదా."

"ఇకనుంచి మీది. చిటికెనవేలికి పడుతుంది."

నీలం రాయి ఆమె బొటనవేలికి ఉంది. అతను దాన్ని చూసి, గిన్నెలతో నిండిన సింకును చూసి, మళ్లీ ఆమెను చూశాడు. ఆమె కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చుంది.

"వస్తువు కాపాడుకోమన్నారు అత్తయ్య. ఈ చెయ్యి ఇక సబ్బునీళ్లలో పెట్టను."