ఏటిగట్టు వీధిలో మగ్గాలు లేవు

"ఏటిగట్టు వీధి. నివాసాలు అరవై రెండు. మగ్గాలు లేవు."

గుడియాత్తం కల్యాణమండపంలో, మైకు ముందు నిలబడి, నూట యాభైమంది నేతపనివాళ్ళ మొహాన ఈ మాట చదివారు. చదివినావిడ వేలూరు నుంచి వచ్చిన పునరావాస అధికారి శశికళ. ఆమె గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివి, పేజీ తిప్పింది.

మూడో వరసలో కూర్చున్న అమ్మణికి మొదట అర్థం కాలేదు. ఆమెకు యాభై ఆరేళ్ళు. పెళ్ళయి ఈ వీధికి వచ్చిన మూడోరోజే అత్త చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మగ్గం గుంటలో కూర్చోబెట్టింది. అప్పటినుంచి ముప్పై తొమ్మిదేళ్ళుగా నేలమీద నడిచినదానికంటే ఆ గుంటలో తొక్కుడు కర్రలు తొక్కిందే ఎక్కువ. మొగుడు పోయినా ఇల్లు నిలబడిందంటే ఆ గుంట వల్లనే. అలాంటిది లేదట.

తుఫాను వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఎగువన ఆనకట్ట నిండి పొర్లింది, కౌండిన్య ఏరు గట్టు దాటింది, వీధిలో నడుంలోతు నీళ్ళు పారాయి. ఇప్పుడు ఆ వీధిని మొత్తం ఎత్తి ఊరిబయట గుట్ట దగ్గర కట్టిన నాలుగంతస్తుల ఇళ్ళలో పెడతారట. దానికి ప్రజల అభిప్రాయం కావాలి. అందుకే ఈ కూటం. ముందు వరస కుర్చీల్లో షావుకార్లు, వెనక జంపఖానా మీద జనం. అభిప్రాయం ఎక్కడ కూర్చుంటుందో అక్కడే తెలిసిపోతోంది.

అమ్మణి లేచింది. అరవంలో మొదలుపెట్టింది గానీ, కోపానికి తెలుగే వచ్చింది.

"మగ్గాలు లేవని ఎవురు చెప్పినారమ్మా మీకు?"

"మీరే చెప్పారమ్మా," అంది శశికళ. చేతిలోని ఫోన్ ఆమెవైపు తిప్పింది. "మా వాళ్ళు ఇంటింటికీ వచ్చారు. మగ్గం ఉందా అని అడిగారు. లేదన్నారు. ఫోటో కూడా తీశారు. ఇది మీ ఇల్లు కాదా?"

తన ఇల్లే. పేడతో నున్నగా అలికిన నేల, మధ్యలో పెద్ద ముగ్గు. ఆ ముగ్గు తనే వేసింది. మగ్గం లేదని సర్వేకు వచ్చిన పిల్లగాడికి చెప్పిందీ తనే.

సంగతేమిటంటే, మగ్గం గుంటకు ఏటి నీళ్ళు తగిలితే దాన్ని అలా వదిలెయ్యరు ఆ వీధిలో. గుంట గోడలు మట్టివి. తడిసినవి అలాగే వదిలేస్తే కూలిపోతాయి. అందుకని నీళ్ళు తోడి, ఎండిన ఇసుక అంచుదాకా నింపి, పైన అలికి ముగ్గు పెడతారు. మగ్గం కర్రలు విప్పి దూలాలకు కట్టేస్తారు. నెలరోజులపాటు ఆ మగ్గం పండుకున్నట్టు లెక్క. పండుకున్న మగ్గం పేరు ఎవరడిగినా ఎత్తకూడదు, ఎత్తితే అది మళ్ళీ లేవదని నమ్మకం. తాతలనాటి నుంచీ అంతే. చుట్టం అడిగినా, దేవుడే వచ్చి అడిగినా, లేదనే చెప్తారు.

అడిగింది సర్కారు. అరవై రెండు ఇళ్ళూ ఒకే మాట చెప్పాయి. లేదు నాయనా, లేదు.

"పాపం, వాళ్ళకేం తెలుసు మేడం," ముందు వరసలోంచి ఉమాపతి అన్నాడు. వీధికంతా నూలిచ్చి లుంగీలు తీసుకునే షావుకారు ఆయనే. "పనికి దిగులు పడొద్దని చెప్పండి. గుట్ట పక్కనే నా షెడ్డు ఉండాది, కరెంటు మగ్గాలు. అందురికీ నేను పని చూపిస్తాను."

చప్పట్లు ముందు వరసలోనే మోగాయి. తర్వాత టీలు వచ్చాయి, బిస్కెట్లు వచ్చాయి. గురువారం మళ్ళీ ఇక్కడే కూడి, తీర్మానం ఆమోదించి వేలూరుకు పంపుతామని చెప్పి కూటం ముగించారు. మాట్లాడతామని చేతులెత్తినవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని ఇళ్ళకు పోయారు.

సాయంత్రం పొద్దు ఉండగానే వీధి మధ్యలో ఇంకో కూటం జరిగింది. దీనికి మైకు లేదు, కుర్చీలు లేవు. అరుపులు మాత్రం కావలసినన్ని.

మొదట ఎదురు తిరిగింది అమ్మణి కొడుకు సెల్వమే. చెప్పుల ఫ్యాక్టరీలో పని వాడికి, మగ్గం ముట్టుకోడు.

"మేడిల్లు ఇస్తామంటే వద్దనేది ఏందమ్మా? ఆ పొద్దు నడుందాకా నీళ్ళొచ్చినప్పుడు నిన్ను భుజాన ఏసుకోని పరిగెత్తినాను. వచ్చే ఏడు మళ్ళా మోయాల్నా?"

"మూడో అంతస్తులో గుంట యాడ తవ్వేదిరా?" అంది అమ్మణి. "కిందింటోళ్ళ నెత్తిన కాళ్ళు యాలాడేసుకోని నేయాల్నా?"

జనం నవ్వారు. సెల్వం నవ్వలేదు.

"నవ్వండి. నా బిడ్డలు నీళ్ళలో పోతే అప్పుడు నవ్వండి."

వాడిది తప్పు కాదని అమ్మణికి తెలుసు. ఆ రోజు వాడి భుజం మీదినుంచి చూసిన ఎర్రనీళ్ళు ఆమెకు ఇంకా కళ్ళలోనే ఉన్నాయి. భయం నిజమే, ఆకలీ నిజమే. ఈ రెండింటిలో ఒకటి ఏరుకోమని చెప్పేవాడే దొంగ.

ఎదురింటి నివేద అప్పుడు నోరు విప్పింది. వేలూరులో కాలేజీకి పోతుంది ఆ పిల్ల. మండపంలో బల్లమీదున్న సర్వే కాగితాలు ఫోన్లో ఫోటో తీసుకుని వచ్చింది.

"అత్తా, మనము లేదన్నాము సరే. కింద సాచ్చిగా ఎవురు చేవ్రాలు పెట్టినారో చూడండి," అని అరవంలో ఉన్నది చదివి తెలుగులో చెప్పింది. "'ఈ వీధిలో మగ్గాలు లేవని నాకు తెలుసు. నేతగాళ్ళ తరఫున, ఉమాపతి.'"

వీధి గతుక్కుమంది.

"పండుకున్న మగ్గం సంగతి ఆయనకు తెలియదా?" ముసలి అప్పాసామి మెల్లగా అన్నాడు. ఆ వీధిలో గుంటలు తవ్విన చేతులు ఆయనవి. "వాళ్ళ నాయన మగ్గం గుంట నేనే తవ్వినాను. అన్నీ తెలిసే ఉమాపతి మన ముగ్గు మీద నిలబడి చేవ్రాలు పెట్టినాడు."

"ఆయన షెడ్డులో మనుషులు చాలడం లేదు మామా," అంది అమ్మణి. "ఇంట్లో మగ్గం ఉంటే కరెంటు మగ్గం కాడికి ఎవురు పోతారు? ఏరు ముంచింది ఒగ దినం. ఈయన జన్మంతా ముంచేదానికి చూస్తా ఉండాడు."

"అయితే ఏం చేస్తావు?" సెల్వం అడిగాడు. వాడి గొంతులో ఇందాకటి విసురు తగ్గింది.

"ఇల్లు వద్దని ఎవురు చెప్పినారు? మెరక మీద నేల ఇయ్యమందాము. గుంట తవ్వుకునే నేల. నీ బిడ్డలూ బతకల్ల, నా మగ్గమూ బతకల్ల."

"మగ్గమే లేదంటా ఉండారు కదమ్మా."

"ఉండాదని చూపిస్తాము. ఇసక తోడేస్తాము."

అప్పాసామి తల అడ్డంగా ఊపాడు. "ఇంకా పచ్చిగా ఉంటాది. ఇప్పుడు తోడితే గోడ జారతాది. జారిన గుంట మళ్ళా నిలబడదు తల్లీ. వచ్చే నెల తోడుదాము."

"వచ్చే నెలకు మనము మూడో అంతస్తులో ఉంటాము మామా."

"నీది ఒగటి తోడు, చాలు," ఎవరో అన్నారు.

"నాది తోడితే ఒగటి అని రాసుకుంటారు. అరవై రెండూ తోడితేనే అరవై రెండు."

గుంట పోతే కూడు పోతుంది, అడక్కపోయినా కూడు పోతుంది. ఎవరి మట్టుకు వాళ్ళు మనసులోనే తూచుకుంటున్నారు. అమ్మణి ఇంట్లోకి పోయి, నేలమీద కూర్చుని, ముగ్గును అరచేత్తో చెరిపింది. చెరుపుతుంటే కన్నీళ్ళు వచ్చాయి. అత్త తవ్వించిన గుంట అది. తన చేతుల్తోనే ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నాననిపించింది. అయినా గునపం దించింది. మొదటి గంపెడు ఇసుక వీధిలో కుమ్మరించి వెనక్కి తిరిగేసరికి, ఎదురింటి గుమ్మంలోంచి కూడా గునపం చప్పుడు వినిపించింది.

బుధవారం పొద్దుగుంకేలోగా ఏటిగట్టు వీధిలో అరవై రెండు ఇసుక కుప్పలు లేచాయి. దూలాల మీది కర్రలు కిందికి దిగాయి.

గురువారం కల్యాణమండపంలో శశికళ గంటసేపు కూర్చుంది. ముందు వరస నిండింది, జంపఖానా ఖాళీగా ఉంది. జనం లేకుండా జనం అభిప్రాయం రాయడం ఎంత తెలివైన అధికారికైనా కష్టమే. చివరికి జీపు వీధిలోకి వచ్చింది. వెనక పోలీసు వ్యాను, దాని వెనక ఉమాపతి మోటార్ సైకిలు.

వీధిలో మనిషి లేడు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ప్రతి ఇంట్లో, ప్రతి మగ్గం గుంటలో, ఒక మనిషి తడిమట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఉమాపతి నూలు ఆపేశాడు గనుక మగ్గాల మీద పడుగు లేదు. ఉత్త కర్రలే ఆడుతున్నాయి. ఆ చప్పుడు వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా వినిపిస్తోంది.

శశికళ అమ్మణి గుమ్మంలో నిలబడింది. "మండపానికి ఎందుకు రాలేదు?"

"మీరు ఇంటికొచ్చినారు కదమ్మా, ఇదే కూటం. కూర్చోండి, మాట్లాడదాము."

గుంటలో కూర్చున్న మనిషితో నిలబడి మాట్లాడితే మెడ పట్టేస్తుంది. శశికళ ఒక క్షణం తటపటాయించి, చీర సర్దుకుని నేలమీద కూర్చుంది. అప్పుడే మొదటిసారి ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో కలిశాయి.

"ఇది మగ్గం," అంది అమ్మణి. "రాసుకోండి. మాకు గుంట తవ్వుకునే నేల కావాల. అదీ రాసుకోండి."

"సర్వే అయిపోయిందమ్మా. మార్చడానికి నాకు..."

మాట పూర్తి కాలేదు. అప్పాసామి చెప్పిందే అయింది. ఎడమవైపు గోడ మెత్తగా, చప్పుడు లేకుండా జారింది. మట్టి అమ్మణి కాళ్ళను మోకాళ్ళదాకా కప్పేసింది. తొక్కుడు కర్రలు విరిగాయి. ముప్పై తొమ్మిదేళ్ళ గుంట ఆమె కళ్ళముందే పోయింది.

"లేవండమ్మా, ప్రమాదం," శశికళ చెయ్యి చాపింది.

"రాసుకోండి ముందు."

"లేవండి."

"మీరు రాసుకోకుండా లేచేది లేదు."

శశికళ కాగితం వైపు చూసింది, గుమ్మంలో నిలబడ్డ ఉమాపతి వైపు చూసింది. లేచి బయటికి పోయి ఇన్‌స్పెక్టరుతో ఏదో చెప్పింది. ఇద్దరు ఆడ పోలీసులు వచ్చి అమ్మణిని మట్టిలోంచి పైకి లాగారు. కాళ్ళనిండా బురదతో ఆమెను వ్యానెక్కించారు. నివేద ఆ వ్యాను వెనకే పరిగెత్తింది.

స్టేషన్లో హెడ్ కానిస్టేబులు కేసు రాస్తున్నాడు. అధికారి సంతకం చేసి ఇచ్చిన ఫిర్యాదును ముందు పెట్టుకుని, పెద్దగా చదువుతూ రాసుకుంటున్నాడు. "...సదరు అమ్మణి, ఏటిగట్టు వీధి, తన ఇంటిలోని మగ్గం గుంటలో కూర్చుని, లేవమన్నా లేవక, ప్రభుత్వ విధులకు ఆటంకం కలిగించి..."

బెంచీ మీద తలవంచుకుని కూర్చున్న అమ్మణి తలెత్తింది.

"నాయనా, ఆ మాట ఇంగోసారి చదువు."

"ఏ మాట?"

"నేను యాడ కూర్చుంటిని?"

"మగ్గం గుంటలో."

"యాడుండే మగ్గం?"

"ఏటిగట్టు వీధిలో..." అని హెడ్ కానిస్టేబులు కలం ఆపాడు. ఇన్‌స్పెక్టరు తల తిప్పి చూశాడు. ఫిర్యాదు తీసుకుని ఆ వాక్యం తనూ చదువుకున్నాడు. కింద శశికళ సంతకం, తారీఖు, ఆఫీసు ముద్ర. కొట్టెయ్యడానికి వీల్లేదు.

గుమ్మం దగ్గరున్న నివేద అప్పటికే నవ్వుతోంది. గుంట పోయిన దుఃఖం అమ్మణికి ఇంకా తీరలేదు, అయినా ఆమెకూ నవ్వొచ్చింది.

"పాపా, పోయి మనోళ్ళకు చెప్పు. మగ్గం ఉండాదని సర్కారే రాసేసింది అని చెప్పు."

అరగంటకు స్టేషన్ ముందు రోడ్డు నిండిపోయింది. బస్సులు ఆగిపోయాయి. అందరికంటే ముందు లోపలికి వచ్చింది సెల్వం. ఫ్యాక్టరీ చొక్కా, మోకాళ్ళదాకా తడిమట్టి.

"సార్, నేను నేసేవాణ్ణి కాదు," అన్నాడు. "మా యమ్మను ఎత్తుకొచ్చినాక మా ఇంటి మగ్గం గుంటలో నేను దిగి కూర్చున్నాను. మీ పోలీసులు లేవమన్నారు, లేవలేదు. నా మీద కేసు రాయండి. మగ్గం గుంట అని తప్పక రాయండి."

వాడి వెనక అప్పాసామి, ఆయన వెనక ఆయన కోడలు, ఆమె వెనక మెట్లమీద, గేటుదాకా, రోడ్డుదాకా వరసలో జనం. అందరి కాళ్ళకూ మట్టి. అందరిదీ ఒకటే మాట, నా మీద కూడా రాయండి. ఉమాపతి మోటార్ సైకిలు ఆ జనంలో ఇరుక్కుని ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు.

హెడ్ కానిస్టేబులు లేచి బయటికి తొంగిచూశాడు. మళ్ళీ వచ్చి కూర్చుని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇంతమందికా? కాగితాలు చాలవమ్మా."

అమ్మణి బెంచీ మీద కొడుక్కి చోటిచ్చి, కాస్త పక్కకు జరిగింది.

"తెప్పించుకో నాయనా," అంది. "మేము యాడికీ పోయేది లేదు."