వంటింటి గోడ దగ్గర ఆగిన ముంతలు

"వంటింట్లో ఫ్యానెందుకు, మంట ఆరిపోతుంది." రామ్మోహనరావు ఈ మాట ఆరేళ్ళుగా ప్రతి వేసవిలోనూ అంటూనే ఉన్నాడు. ఈసారి ఉగాది వెళ్ళిన వారానికి, కరెంటు బిల్లు పక్కన పెట్టుకుని కంచం ముందు కూర్చుని అన్నాడు. నిజానికి భార్య నాగేశ్వరి ఫ్యాను అడగనే లేదు. చారు వడ్డించడానికి వంగినప్పుడు ఆమె నుదుటి మీది చెమట ఒక చుక్క కంచం పక్కన నేల మీద పడింది. అది చూసి, అడగబోతోందని ముందే జవాబు చెప్పేశాడు. "కంచంలో పడేను, చూసుకో," అని అత్తగారు సీతామహాలక్ష్మి పక్క పీట మీంచి ఇంకో మాట వేసింది.

అమీర్‌పేటలో వాళ్ళది సొంత డాబా. ముందు హాలు, దాని పక్కన పడకగది, వెనక పడమటి వైపు వంటిల్లు. స్లాబు పొద్దున తొమ్మిదికల్లా కాగడం మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకి కూడా చల్లారేది కాదు. హాల్లోనూ పడకగదిలోనూ ఫ్యాన్లు రోజంతా తిరిగేవి, బిల్లు పెరిగేది, ఆ బిల్లు గురించిన మాటలు మాత్రం ఫ్యాను లేని గదిలోకి వచ్చి పడేవి. ఇస్త్రీ పెట్టె ఎక్కువసేపు పెట్టావన్నాడు ఒకసారి, వంటింట్లో పగలే లైటు వేశావన్నాడు ఇంకోసారి. గ్యాసుకి పేరు రాయించి నాలుగేళ్ళయినా ఇంకా రాలేదు. వత్తుల స్టవ్వు మంట రెపరెపలాడుతుందని కిటికీ కూడా ఒక రెక్కే తెరవాలి. నడుం మీద, మెడ వెనక చెమటకాయలు పేలి, చీర అంచు తగిలితే సూదులు గుచ్చినట్టుండేది.

ఆ గదిలో ఆమెకు తోడు దేవుడొక్కడే. కాపురానికి వచ్చిన కొత్తలో, హాల్లో గూడు ఖాళీగా ఉంది కదా, దేవుణ్ణి అక్కడ పెడదామా అని అడిగింది. అత్తగారు ఒప్పుకోలేదు. "దేవుడూ పొయ్యీ ఒక్క గదిలో ఉండాలి. మడితో వండిన నైవేద్యం గడప దాటిస్తావా? మావాడు చెప్పులేసుకు తిరిగే చోటునుంచి తీసుకెళ్తావా?" అంది. ఆ మాట నాగేశ్వరికి సబబుగానే తోచింది. అప్పటినుంచి స్టవ్వుకి ఎదురుగా ఉన్న చెక్క మీద పట్టాభిషేకం పటం, లక్ష్మీదేవి, చిన్న ఇత్తడి కృష్ణుడు. కృష్ణుణ్ణి రోజూ కడిగి తుడిచేటప్పుడు, నీకూ ఉక్కగానే ఉందా నాయనా అని మనసులో అడిగేది. ఆ ఇంట్లో ఆ వేడి తెలిసినవాళ్ళు ఇద్దరే, తనూ కృష్ణుడూ. అది తలుచుకుంటే ఎందుకో కొంచెం ఓర్పు వచ్చేది.

ఒకరోజు జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి పంజాగుట్టలో బట్టలు కుట్టే వజీరున్నీసా ఇంటికి వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. గడప లోపల అడుగు పెట్టగానే ఎవరో తడిగుడ్డతో ఒళ్ళు తుడిచినట్టయింది. పైకి చూస్తే ఫ్యాను ఆగి ఉంది.

"కూర్చో జర," అంది వజీరున్నీసా నవ్వుతూ. "గా చల్లదనం ఫ్యానుది కాదమ్మా. కప్పు మీద ముంతలు బోర్లేసి సున్నం కొట్టిచ్చిండు మా మామ. ముంతల గాలి ఎండను కిందికి రానియ్యదు. కరెంటు ఫికరే లేదు మాకు."

నాగేశ్వరి ఆ సాయంత్రమే భర్తకి చెప్పింది. బిల్లు తగ్గుతుందని కూడా చెప్పింది, ఆ మాటైతే వింటాడని. ఆయన నవ్వాడు. జాకెట్లు కుట్టే ఆవిడ చెబితే ఇళ్ళు కట్టుకుంటారా అన్నాడు. నెత్తిన కుండలు పెట్టుకుని పడుకుందాం రా అమ్మా అని తల్లిని కూడా పిలిచి నవ్వించాడు. పది రోజులు పోయాక లక్డీకాపూల్ ఆఫీసు నుంచి ఉత్సాహంగా వచ్చి, బంజారా హిల్స్‌లో వాళ్ళ ఆఫీసరు గారి ఇంటి మీద ముంతలు వేయించారనీ, ఇలాంటివి నాలుగూ కనుక్కుంటూ ఉండాలనీ ఆమెకే వివరించాడు. నాగేశ్వరి అంతా కొత్తగా వింటున్నట్టే విన్నది. అది నేను చెప్పిందే కదా అనవచ్చు. అంటే ముంతలు రావు, మాట మిగులుతుంది. ఎవరి నోటినుంచి వస్తేనేం, వంటింటి కప్పు చల్లబడితే చాలనుకుంది.

రామ్మోహనరావు పిలిపిస్తే గౌస్ మేస్త్రీ వచ్చాడు. స్లాబు మీద ముంతలు వరసగా బోర్లించి, సందుల్లో ఇటుక ముక్కలూ సున్నమూ కూరి, పైన గచ్చు చేసుకుంటూ వచ్చాడు. హాలు అయింది, పడకగది అయింది. వంటింటి గోడ దగ్గరకి వచ్చేసరికి రామ్మోహనరావు ఇక చాలన్నాడు. మెట్ల దగ్గర మంచినీళ్ళ చెంబుతో నిలబడ్డ నాగేశ్వరికి ప్రతి మాటా వినపడింది.

"జర ఆగు సాబ్. వంటింటి మీద సుత వేస్తే పనైపోతది. ముంతలు సుత మస్తుగ మిగిలినయ్."

"అక్కడ ఎలాగూ పొయ్యి మండుతుంది. మండే గదికి చల్లదనమేంటి? మనుషులుండే గదులకి చేశావు, చాలు."

గౌస్ మేస్త్రీ కిందికి దిగి వచ్చి చెంబు అందుకుంటూ ఆమె ముఖం చూడలేదు. మిగిలిన ముంతల్ని మెట్ల కింద పేర్చి వెళ్ళిపోయాడు.

కొత్త గచ్చు బీటలు వారకుండా మూడు వారాలు తడపాలి. ఆ పని ఎవరిదని ఎవరూ అడగలేదు. పొద్దున ఎండెక్కకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి, బకెట్ తర్వాత బకెట్ మోసుకుంటూ మెట్లెక్కింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని పైకెక్కుతుంటే వీధంతా చూస్తోందని అత్తగారు సణిగింది. చల్లిన నీళ్ళు ముంతల హద్దు దాటి వంటింటి స్లాబు మీదకి పారేవి. పారిన చోట చుయ్‌మని ఆవిరి లేచేది. మనుషులుండే గదులు. బకెట్ దించిన ప్రతిసారీ ఆ మాటే చెవిలో పడేది.

చల్లదనం వచ్చింది. పగలు రెండు ఫ్యాన్లూ ఆగిపోయాయి, బిల్లు దిగింది. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ రామ్మోహనరావు ఆ బిల్లు చూపించి, ఆలోచన తనదేనని చెప్పి, లోపలికి కేకేసి కాఫీలు తెమ్మనేవాడు. ఆమె తెచ్చేది. హాల్లో నిలబడే ఆ రెండు నిమిషాలూ వీపు మీద చెమట చల్లబడేది. మళ్ళీ వెళ్ళిపోవాలి.

తర్వాత శుక్రవారం సీతామహాలక్ష్మి పూజ మధ్యలో లేచి వచ్చేసింది. ఆ గదిలో కూర్చుంటే ప్రాణం పోయేలా ఉందనీ, దేవుణ్ణి హాల్లో గూట్లోకి మార్చమనీ చెప్పింది. పటాలు, దీపపు కుందులు, గంట, కృష్ణుడు, ఒక్కొక్కటే నాగేశ్వరే మోసింది. ఎవరికీ మడి గుర్తు రాలేదు. శనివారం నైవేద్యం రామ్మోహనరావు చెప్పుల జత పక్కనుంచే వెళ్ళింది.

ఆదివారం పొద్దున అన్నం వారుస్తూ అలవాటుగా తలెత్తింది. చెక్క ఖాళీగా ఉంది. పటం ఉన్నంత మేర గోడ తెల్లగా, చుట్టూ మసి. నువ్వూ వెళ్ళిపోయావా అనుకుంది. వెంటనే లెంపలు వేసుకుంది, ఎత్తుకెళ్ళింది తనే కదా. తీసుకెళ్ళమని దేవుడు అడగలేదు. అడగనివాళ్ళు ఎక్కడ పెడితే అక్కడే ఉంటారు. కానీ ఇన్నేళ్ళూ దేవుడుండాల్సిన చోటని తనకి చెప్పిన గది, రెండు గదులు చల్లబడగానే దేవుడికి కూడా పనికిరాకుండా పోయిందే? ఆ శాస్త్రం అబద్ధమా, లేక తనకోసమే చెప్పిందా? అబద్ధమనడానికి నోరు రాలేదు. ఆరేళ్ళు నమ్మి పాటించింది. చెప్పులు తిరిగే దారిన నిన్న నైవేద్యం తీసుకెళ్ళినందుకు నిజంగానే బాధపడింది. శాస్త్రం నిజమే అయితే, ఏం చెయ్యాలో అందులోనే ఉంది.

స్టవ్వు ఆర్పింది. కాస్త చల్లారాక రెండు చేతులా ఎత్తి, హాల్లోకి తెచ్చి, గూటికి ఎదురుగా నేల మీద పెట్టింది. పప్పు గిన్నె, నీళ్ళ బిందె, పోపుల పెట్టె తెచ్చుకుంది. గుమ్మం దగ్గర చెప్పుల జతని బయట మెట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి వత్తులు వెలిగించింది.

"ఇదేంటే?" అంది అత్తగారు.

"దేవుడూ పొయ్యీ ఒక్క గదిలో ఉండాలన్నారు కదా అత్తయ్యగారూ. నైవేద్యం గడప దాటకూడదని."

సీతామహాలక్ష్మి గూట్లో దేవుడి వైపు చూసి, తన పీట వెనక్కి జరుపుకుంది. పడక్కుర్చీలో పేపరు దించి రామ్మోహనరావు, పూటకి పోనీలే, వంటయ్యాక లోపల పెట్టెయ్యమన్నాడు. నైవేద్యం రెండు పూటలా ఉంటుందని నాగేశ్వరి చెప్పింది. అయితే దేవుణ్ణే తిరిగి లోపల పెట్టెయ్ అన్నాడు. దేవుడైనా ఆ కప్పు కిందికి తిరిగి రావడం తనకి ఇష్టం లేదని, మిగిలిన ముంతలు మెట్ల కిందే ఉన్నాయని, గౌస్ మేస్త్రీ ఇల్లు తనకి తెలుసని, పప్పు కలుపుతూ ఒక్కొక్కటే చెప్పింది. రామ్మోహనరావు పేపరు మళ్ళీ ఎత్తాడు.

పప్పు ఉడికింది. కూర ఎక్కింది. పైనుంచి ఎండని రానివ్వని ముంతలు కింది వేడిని కూడా బయటికి పోనివ్వడం లేదు. కిరసనాయిలు వాసన గది నిండా పట్టింది. కాసేపటికి పేపరు మీద ఒక చెమట చుక్క పడింది. రామ్మోహనరావు దాన్ని చూసి, బనీను అంచుతో మెడ తుడుచుకుని, లేచి గోడ దగ్గరకి వెళ్ళి స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

నాగేశ్వరి తలెత్తకుండానే అంది.

"ఫ్యాను వేయకండి. మంట ఆరిపోతుంది."