పాత బెల్టు కొలత

దర్జీకి ఒక జబ్బుంది. టేపు మెడలో ఉంటే చాలు, లోకంలో తను కొలవలేనిది లేదనుకుంటాడు.

ఆ ఉదయం బావ ఫోను చేశాడు. అక్కకి ఈ పూట గడవడం కష్టమనీ, తమ్ముడి కోసమే కళ్ళు తెరుచుకుని చూస్తోందనీ చెప్పాడు. తల్లి పోయాక దర్జీని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. ఉన్నపళంగా కారు తీశాడు. వీధి మలుపు తిరక్కముందే ఇంజను ముందుండే బెల్టు సగం చీలి, కప్పీల మీంచి ఊడిపోయింది. కారుని ఇంటి ముందుకి తోసుకొచ్చారు. మెకానిక్కు ఊళ్ళో లేడు. ఆ కొండదారిన బస్సు రేపటికి గాని లేదు. టాక్సీవాళ్ళు రామన్నారు.

తనే బిగిస్తానన్నాడు దర్జీ. పాత బెల్టు పట్టుకెళ్ళి కారు సామాన్ల కొట్లో చూపించమంది భార్య, పోనీ కారు పేరైనా చెప్పమంది. వింటేగా! సాపుగా పరవడానికి వీలుగా దాన్ని పెద్ద కత్తెరతో అడ్డంగా కోశాడు. బల్ల మీద పరిచి, టేపు పెట్టి కొలిచాడు. షట్టరు దించబోతున్న కొట్టువాడికి కొలత చెప్పి, సరిగ్గా అంత బెల్టే తెచ్చాడు. కొట్టు మళ్ళీ తెరిచేది రేపే.

బెల్టు ఎలా చుట్టాలో చూపిస్తూ బానెట్ కింద అంటించిన బొమ్మ చూస్తూ ఒక్కో కప్పీకీ చుట్టాడు. బిగువుకోసం ఉండే కప్పీని పానాతో వెనక్కి లాగి ఎక్కించేసరికి వేళ్ళ మీద తోలు లేచింది. తాళం తిప్పితే కీచుమంది. బిగువు కప్పీ చివరిదాకా వచ్చి ఆగినా బెల్టు ఇంకా వదులే. కారు వీధి చివరికి వెళ్ళి వచ్చేలోగా ఇంజను కాగిపోయి పొగలు కక్కింది.

"పాత చొక్కాకి టేపు పెట్టకండిరా. వాడి వాడి సాగిపోయుంటుంది. మనిషిని కొలవండి."

పని నేర్చుకునేవాళ్ళకి ఆ మాట చెప్పి చెప్పి వాళ్ళ ప్రాణం తీసేవాడు దర్జీ. సాగిపోయిన పాత బెల్టుకి టేపు పెట్టాక ఇప్పుడది గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది. ప్రయాణానికి ఇస్త్రీ చేసిన చొక్కా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది భార్య.

అంతలో బావ మళ్ళీ ఫోను చేశాడు.

"ఎక్కడిదాకా వచ్చావని అడుగుతోందిరా."

దర్జీ కారెక్కి కూర్చున్నాడు.

"దగ్గరికొచ్చేశానని చెప్పు బావా. ఫోను అక్క చెవి దగ్గర పెట్టు, బండి చప్పుడు వింటుంది."

తాళం తిప్పాడు. గుమ్మం ముందు కదలకుండా నిలబడి, కారు కీచుమంటూనే ఉంది.