ఐదో రకం

ఎడమ చేత్తో ఆకులు పైకెత్తి, కుడి చేతి గోటితో తొడిమ గిల్లి, పండును గిన్నెలోకి జారవిడిచిందామె. ఆ పరిశోధన తోటలో ఎత్తుగా పోసిన మట్టి మడులు పన్నెండు, స్ట్రాబెర్రీ రకాలు ఆరు. ఏ రకం ఎక్కువ కాస్తుందో తేల్చడానికి మూడేళ్లుగా పరీక్ష జరుగుతోంది. కోయడం, తూచడం, బరువు చెప్పడం ఆమె పని. కుళ్లినవీ, చీమలు తొలిచినవీ కూడా తూచాల్సిందే. గ్రాము అటూ ఇటూ పోనివ్వదని అందరూ తూకాలమ్మ అంటారు.

గోడవారనున్న ఐదో రకం మడులు రెండూ ఆమె అక్క నాటినవి. వచ్చిన మొక్కల్లో సగం వాడిపోయి ఉంటే, తడిగుడ్డ కప్పి బతికించింది అక్కే. ఊపిరితిత్తులు చెడి ఆర్నెల్లుగా ఆ అక్క మంచం దిగలేదు. డాక్టరు చేతులెత్తేశాడు. అక్కకు చెల్లెలు, చెల్లెలికి అక్క తప్ప ఇంకెవరూ లేరు.

ఇవాళ ఆఖరి కోత. మధ్యాహ్నానికి ఆఫీసరు అంకెలన్నీ కూడి చూశాడు.

"ఐదోది అన్నిటికన్నా అడుగునుందమ్మా. ముందు దాన్నే పీకించేద్దాం."

"ఆ మడుల మీద గోడ నీడ పడుతుంది సార్. ఎండ తగిలితే కాసేది."

"మూడేళ్ల నుంచీ పడుతోందా? మరి చెప్పలేదేం?"

చదువుకున్నవాళ్లకు నీడ కనబడదా అనుకుందామె ఇన్నాళ్లూ.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. రేకుల గదిలో అక్క కళ్లు తెరిచింది.

"మనదెంత తూగిందే?"

దారి పొడవునా సిద్ధం చేసుకున్న మాట తడబడకుండానే వచ్చింది. "మొదటొచ్చిందక్కా. ఆఫీసరు కూడా మెచ్చుకున్నాడు."

అక్క ఆమె ముఖంలోకి చూసింది.

"దొంగ తూకం నీకు చేతకాదే," అంది. నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక, "పీకేటప్పుడు మాత్రం నువ్వు అక్కడుండకు," అంది.

ఆమె పాలు వెచ్చబెట్టడానికి లేచింది. గ్లాసుతో తిరిగొచ్చేసరికి అక్క కళ్లు తలుపు వైపే తెరుచుకుని ఉన్నాయి. ఊపిరి ఆగిపోయింది. ఆమె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది, పాల మీద మీగడ కట్టేదాకా.

నాలుగు రోజులకు మళ్లీ పనిలోకి వెళ్లింది. గోడవార మడులు రెండూ లేవు, అక్కడి నేలంతా చదును చేసేశారు. పనిముట్ల గదిలో మేకుకు, అక్క మోకాళ్ల కింద వేసుకునే గోనెపట్టా వేలాడుతోంది. రెండుచోట్ల అరిగి పలచబడిన ఆ పట్టాలోంచి కిటికీ వెలుతురు సన్నగా కనబడుతోంది.