కొట్టందాకా పారిన సిగ్నల్

సాయంత్రం నాలుగున్నరకు చంద్రు పాలు పిండుతాడు. అయిదుకు క్యాను సైకిలుకు తగిలించుకుని పోయి పాల సొసైటీలో పోసి వస్తాడు. వచ్చి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొట్టంలో బోర్లించిన తవుడు బక్కెట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటాడు. తెరలో నడుము పైభాగమే కనిపిస్తుంది కాబట్టి లుంగీ మార్చడు. అయిదున్నరకు పిల్లలు వస్తారు.

పిల్లలు షిల్లాంగ్‌లో ఉన్నారు. భార్య మోహనప్రియకు అక్కడి ప్రభుత్వాసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చి ఏడు నెలలైంది. ఇక్కడ తమిళసీమలో అదియమాన్‌కోట్టై ఊరి పక్కన నాలుగెకరాలు, మూడు ఆవులు, డెబ్బై నాలుగేళ్ల తండ్రి దొడ్డప్ప. వీటిని చూసుకునేందుకు ఒకరు కావాలి, పిల్లల్ని చూసుకునేందుకు ఒకరు కావాలి. మొగుడూ పెళ్లాం కూర్చుని అలా పంచుకున్నారు. ఆ రోజు నుంచి చంద్రుకు తన వంతు తక్కువైపోయిందని దిగులు. ఒక నాన్న రోజంతా చేయవలసిన పని తెర ముందు కూర్చునే ఆ అరగంటలోనే చేసెయ్యాలని చూస్తాడు.

"ముఖేశూ, సాక్సులు ఆరినాయా?"

"ఆరినాయి అప్పా."

"లోపల తేమ నిలబడతాది. తిరగేసి చూసినావా?"

"ఒక్క జత సాక్సులకి మూడు దినాలుగా ఇంటర్వ్యూ చేస్తాండావు అప్పా. అవే వచ్చి నీతో మాట్లాడతాయిలే."

ముఖేశ్‌కు పన్నెండేళ్లు. వాడికి ఎక్కడైనా నోరు ఆడుతుంది. చంద్రు బెంగంతా కూతురు కీర్తిక గురించే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం తప్ప వేరే మాట వినకుండా ఏడేళ్లు పెరిగిన పిల్ల. కొత్త బడిలో ఎవరేమంటున్నారో తెలియక మొదటి నెల మాట్లాడకుండా ఊరుకుంది. తర్వాత ఇంట్లో కూడా ఊరుకుంది. ఇప్పుడు తల్లి ఏమడిగినా తల ఊపడమే. ఆ పిల్ల నోరు విప్పేది ఒక్కచోటే, తెరలో కొట్టం కనిపించినప్పుడు. ఎర్రావు కనిపించాలి, దాని లేగ కనిపించాలి, వాటి మధ్య నాన్న కనిపించాలి. నాన్న హాల్లోంచి మాట్లాడితే తెర వైపు ఒకసారి చూసి లేచిపోతుంది. బొమ్మ బాగుంటే పది నిమిషాలు లేగ కబుర్లు అడుగుతుంది. మధ్యలో బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోయిందంటే మూడు రోజులు మాట ఉండదు.

ఇప్పుడు రోజూ విరుగుతోంది. ఫోను తీగ వచ్చేది ముందు హాల్లోకి. మోడెం అక్కడుంది. కొట్టానికి చేరాలంటే సిగ్నల్ రెండు మూరల మందమున్న రాతిగోడ దాటాలి, నడిమి గదిలో ఇనుప బీరువా దాటాలి, వంటిల్లు దాటాలి. చంద్రు మోడెంని టీవీ మీద నుంచి అటక మీదికి మార్చాడు. బీరువాని మూలకు జరిపాడు. పొడుగు తీగ లాగితే మూడో రోజున ఎర్రావు దాన్ని నమిలేసింది. ఎక్కడ నిలబడితే ఎన్ని గీతలు వస్తున్నాయో పది రోజులు నోటుబుక్కులో రాశాడు. ఎన్ని రాసినా కొట్టంలో ఒకటే గీత.

ఇంతలో కీర్తిక బడి నుంచి ఉత్తరం వచ్చింది.

"డాక్టరు గొంతులో ఏమీ లేదన్నాడు మామా," అంది మోహనప్రియ ఫోనులో. "అయినా టీచరమ్మ ఒప్పుకోదు. ఈ నెల ఆఖరు శనివారం, నువ్వు మాట్లాడే వేళకి, తనే ఇంటికొస్తాదంట. తన చెవులతో ఒక్క మాట వినాలంట. వినకపోతే సెలవుల తర్వాత గువాహటిలో మూగపిల్లల హాస్టల్లో చేర్చమంటాంది."

"హాస్టల్లోనా? ఏడేళ్ల బిడ్డనా?"

"నేనూ అదే అన్నాను. కాగితం పట్టుకొస్తాదంట, సంతకానికి."

ఆ రాత్రి చంద్రు అన్నం కలిపి వదిలేశాడు. దొడ్డప్ప కొడుకు కంచం వైపు చూసి, సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. పొద్దున్నే చెప్పులు వదిలి, పార భుజాన వేసుకుని హాల్లోకి వచ్చాడు. యాభై ఏళ్లు బావి కింద మళ్లకు నీళ్లు కట్టిన మనిషి. కంట్లో పొరలొచ్చి చూపు తగ్గింది కానీ పాదాలకు ఏమీ తగ్గలేదు. మోడెం కింద నిలబడి, బొటనవేలితో నేల తడిమి, అక్కడి నుంచి గోడ వారన నడిచాడు.

"సిగ్నల్ తక్కువేమీ రాలేదురా. బాగానే ఊరతాంది. పారకమే సరిగా లేదు."

"ఎక్కడ పోతాంది నాయినా?"

"సగం వంటింటి గడప కింద పక్కింటి ధనం వాళ్లింట్లోకి పోతాంది. ఇంకో సగం ఈ బీరువా కింద గుంటలో నిలబడింది. ఇంత గుంటలో నిలబడితే నీ కొట్టం ఎప్పుడు తడిసేది? బంకమట్టి తీసుకరా పో."

రెండు గంపల మట్టి పట్టింది. దొడ్డప్ప హాల్లో నుంచి నడిమి గదిలోకి, అక్కడి నుంచి వంటింటి మూలగా కొట్టంలోకి జానెడు వెడల్పున రెండు గట్లు వేసుకుంటూ పోయాడు. బీరువా దగ్గర ఒకటి, గడప దగ్గర ఒకటి, పారకం తెరిచి మూసే మడవలు పెట్టాడు. మధ్యాహ్నానికి సిగ్నల్ పలచటి మజ్జిగ రంగులో గట్ల మధ్య పారుతూ వచ్చి తవుడు బక్కెట్టు చుట్టూ నిలబడింది. చంద్రు చీలమండలకు చల్లగా తగిలింది. ల్యాప్‌టాప్‌లో నాలుగు గీతలు నిండాయి.

ఫోను లైన్‌మన్ సిద్ధరాజ్ మరుసటి రోజు తీగ చూడటానికి వచ్చి, గట్టు తొక్కకుండా కాలు ఎత్తి దాటాడు. "వాలు కొట్టం వైపే ఉంది కదా, ఇంకో మోడెం పెట్టె కొనే పని లేదు," అన్నాడు తమిళంలో. "ఎండాకాలం మట్టి బీటలిస్తుంది. తడుపుతూ ఉండండి."

చంద్రు మనసు మాత్రం పక్కింటి మీద ఉంది. సాయంత్రం పోయి ధనాన్ని అడిగాడు, మా గట్టు వల్ల మీకేమైనా ఇబ్బందా అని.

"ఆగిపోయిందని నాకూ తెలిసింది," అంది ధనం. "నా సొరపాదు రెండు దినాలుగా తల వాల్చింది. ఇన్నాళ్లూ మీ సిగ్నల్ తాగే అంత కాయ కాసిందని ఇప్పుడు కదా తెలిసింది. పాప కోసమే కదా, కట్టుకో. ఆదివారం ఆదివారం ఒక గంట వదులు, చాలు."

చంద్రు ఆదివారం గడప దగ్గరి మడవ తీసి గంటన్నర వదిలాడు.

శనివారం వచ్చింది. పొద్దున్నుంచి అతను గట్లు మూడుసార్లు తడిపాడు. కరెంటు కోత ఉంటుందని మోడెంని ఇన్వర్టర్‌కి తగిలించాడు. అయిదున్నరకు తెరలో మోహనప్రియ, పక్కన ముఖేశ్, కుర్చీలో నెరిసిన జుట్టు టీచరమ్మ, ఒళ్లో కాగితాల సంచి. ముందు బెంచీ మీద నీలం స్వెట్టరులో కీర్తిక. బొమ్మ అద్దంలా ఉంది.

"కీర్తీ, చూడమ్మా, లేగకి కొమ్ములు వస్తాండాయి."

కీర్తిక చూసింది. పలకలేదు. వెనక మనిషి కూర్చుందని ఆ పిల్ల వీపుకి తెలుసు.

"దీనికి ఏం పేరు పెడదాం చెప్పు."

తల వంచుకుంది. చంద్రు సాక్సులు అడిగాడు, దగ్గు అడిగాడు, మధ్యాహ్నం ఏం తిన్నావని అడిగాడు. అయిదు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు. టీచరమ్మ ఓపికగానే కూర్చుంది, కానీ సంచిలో నుంచి కాగితం బయటికి తీసి మోకాలి మీద పెట్టుకుంది.

అప్పుడే ఈగ కుట్టిందో ఏమో, ఎర్రావు వెనక కాలు విసిరింది. గట్టు ఒక మూల తెగింది. సిగ్నల్ బక్కెట్టు దగ్గర నుంచి జారి ఆవులకు మేత వేసే గాడి వైపు పోయింది. తెరలో టీచరమ్మ భుజం గళ్లుగా విరిగింది. ఎర్రావు మెడ వంచి, గాడి కింద చేరినదాన్ని తీరిగ్గా తాగడం మొదలుపెట్టింది.

లేచి గట్టు వేయాలా? లేస్తే తెరలో తను ఉండడు, పిల్ల ముడుచుకుపోతుంది. లేవకపోతే బొమ్మే ఉండదు. చంద్రు పీట అంచు పట్టుకుని కూర్చుండిపోయాడు. దొడ్డప్ప పారతో వచ్చాడు కానీ సాయంత్రపు వెలుగు ఆయన కళ్లకు చాల్లేదు. తెగినచోటు వదిలి స్తంభం దగ్గర మట్టి వేస్తున్నాడు.

"తాతా."

చంద్రు తల ఎత్తాడు. తెరలో సగం గళ్లు, సగం కీర్తిక.

"తాతా, ఆడ కాదు. ఈ పక్క. ఎర్రావు తాగతా ఉండాది."

"ఏ పక్కమ్మా?" అన్నాడు దొడ్డప్ప, మనవరాలు రోజూ తనతో మాట్లాడుతున్నట్టే.

"నీ ఎడంచెయ్యి పక్క. ఇంకా ముందుకి. అయ్యో, అది పేడ తాతా. దాని ముందర. ఆ, ఆడ వెయ్యి. ఇంకొంచెం వెయ్యి, కారతాంది. అప్పా, నువ్వు ఏం చేస్తాండావు, ఆవు మూతి తియ్యి."

చంద్రు లేచాడు. తెరలో నుంచి తప్పుకుని ఎర్రావు మూతి పట్టుకుని ఇవతలికి తిప్పాడు. అది నాలుకతో అతని ఇస్త్రీ చొక్కా చేతిని నాకింది. వెనక నుంచి కూతురి గొంతు ఆగకుండా వస్తూనే ఉంది, తాత పార వెయ్యడం మీద, లేగ తాడు మీద, అవతల నవ్వుతున్న ముఖేశ్ మీద. దొడ్డప్ప పాదంతో మట్టి అదిమాడు. కొట్టంలో చల్లదనం మళ్లీ చీలమండలకు లేచింది.

చంద్రు పీట దగ్గరికి వచ్చేసరికి బొమ్మ నిండుగా ఉంది. మోహనప్రియ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ టీచరమ్మకు ఏదో ఇంగ్లీషులో చెబుతోంది. టీచరమ్మ ముందుకు వంగింది. మోకాలి మీది కాగితం జారి కింద పడితే తీసుకోలేదు.

"విచ్ కౌ?" అని మెల్లగా అడిగింది.

కీర్తిక ఒక్క క్షణం నాన్న వైపు చూసింది. తర్వాత ఆ పిల్ల బెంచీ మీద అటు తిరిగింది.

"రెడ్ కౌ," అంది. "వెరీ బ్యాడ్."

టీచరమ్మ ఇంకేదో అడిగింది. కీర్తిక రెండు చేతులూ చాచి గట్టు ఎంత పొడుగో చూపించింది, తెలియని మాట దగ్గర తెలుగు వేసి దాటింది, మళ్లీ అందుకుంది. చంద్రుకు తెరలో కూతురి వీపు, వంకర పాపిడి, రెండు జడలు మాత్రమే కనిపిస్తున్నాయి. పిలిస్తే ఇటు తిరుగుతుందని తెలుసు. పిలవలేదు. దొడ్డప్ప పార ఆనించుకుని, సిగ్నల్ చాలునా అని అడిగితే, చాలు నాయినా అని మెల్లగా చెప్పి, ఆ జడల్ని చూస్తూ కూర్చున్నాడు.