రెండు కుండల నీలం

కొందరి ఇళ్ళలో పిల్లలకు ముందు మాటలొస్తాయి, కోదండం ఇంట్లో ముందు రంగులొచ్చేవి. పోచంపల్లిలో ముప్ఫై ఏళ్ళు నూలుకు రంగులద్దిన మనిషి కోదండం. కొడుకు మధుకర్ పలక పట్టకముందే రెండు నూలు చిలపలు, అంటే పోగుల చుట్టలు, వాడి ముందు పడేసి "ఏ కుండది?" అని అడిగేవాడు. రెండూ నీలమే, ఒకే రోజు అద్దినవే, కాకపోతే వేరే వేరే కుండల్లో ముంచినవి. బయటివాళ్ళు నెత్తి కొట్టుకున్నా తేడా తెలిసేది కాదు. కానీ ఆ రెండూ ఒకే చీరలో కలిశాయంటే, కట్టుకున్నావిడ ఎండలోకి రాగానే చార తేలుతుంది, అద్దినవాడి పరువు పోతుంది. పిల్లవాడు వేలు పెట్టి చూపించేవాడు. ఒప్పయితే బెల్లం ముక్క. మధుకర్ ఏడో ఏట తప్పు చెప్పడం మానేశాడు.

ఆ విద్య పాపం చివరిదాకా కూడు పెట్టలేదు. మిషన్ మీద అచ్చేసిన పోచంపల్లి చీరలు సగం ధరకే వచ్చిపడ్డాయి. కోదండం కుండలు బోర్లించి, భార్య భూలక్ష్మినీ కొడుకునూ తీసుకుని ఎల్బీ నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంటికి చేరాడు. మధుకర్‌కు కొత్తపేటలో ఒక చీరల కొట్లో పని దొరికింది. అదే అచ్చు చీర పరిచి, "అసలు పోచంపల్లేనా బాబూ?" అని అడిగిన వాళ్ళకు "అసలుదే మేడం" అని చెప్పడం ఆ పని. ఇరవై ఏడేళ్ళ మనిషికి వారం పొడుగునా అబద్ధమే అన్నం పెట్టింది. ఒక్క ఆదివారం మాత్రం తనది.

ఆదివారం బాపిరాజు వచ్చేవాడు. వాళ్ళది భీమవరం వైపు, ఉండేది వనస్థలిపురంలో. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. మూడేళ్ళ క్రితం సాంబమూర్తి గిఫ్టు షాపులో సప్తద్వీపం కార్డుల బుట్ట ముందు ఇద్దరూ ఒకే పాకెట్ మీద చెయ్యి వేశారు, అలా మొదలైంది స్నేహం. పెళ్ళీడు వచ్చిన మగవాళ్ళు పిల్లల కార్డులు పట్టుకుని కూర్చుంటారా అని లోకం నవ్వింది. లోకానికేం, అది పేకాటకైతే నవ్వదు.

ఈ ఆట తెలియని అదృష్టవంతుల కోసం ఒక్క ముక్కలో చెప్పాలి. ఆటగాడికి నలభై కార్డుల కట్ట ఉంటుంది, దాన్ని బోర్లించి పెట్టుకుని, తన వంతు వచ్చినప్పుడల్లా పైనుంచి ఒకటి చేతిలోకి తీసుకుంటాడు. కార్డుల మీద రాజులూ ద్వీపాలూ ఓడలూ ఉంటాయి. నేను నీ ద్వీపం మీదికి ఓడ పంపితే నువ్వు నీ కట్టలో పై కార్డు తిప్పి అడ్డుకోవాలి. అది ఏం కార్డో ఇద్దరికీ తెలియదు. ఆట ప్రాణమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది.

2011 వేసవిలో కంపెనీ ఈ ఆటకు కొత్త సెట్ వదిలింది. పేరు పాతాళం, తొంభైఆరు కార్డులు, అన్నీ నాగులే. అడ్డుకునే కార్డు నాగు అయిందా, వచ్చిన ఓడ మునిగినట్టే. మిత్రులిద్దరికీ పిచ్చి పట్టింది. పాకెట్లు కలిసి కొన్నారు, కలిసి చింపారు, దొరికిన ప్రతి నాగులో ఒకటి ఇద్దరి ఉమ్మడి ఆల్బమ్‌లో పెట్టారు, మిగిలినవి చెరో కట్టలో చేర్చుకున్నారు. ఆగస్టుకల్లా ఆల్బమ్‌లో తొంభైఐదు నిండాయి. వాసుకి ఒక్కటే రాలేదు.

అంతా బాగానే ఉంది గానీ, పాతాళం వచ్చిన రెండో ఆదివారమే మధుకర్ గుండెలో రాయి పడింది. కిటికీ పక్కన ఆడుతున్నారు. బాపిరాజు కట్ట మీద ఎండ పడింది. కార్డుల వీపు నీలం, పాత సెట్‌ది నీలమే, కొత్త సెట్‌దీ నీలమే. కానీ కొత్త నీలంలో పిసరంత ఎరుపు ఉంది. రెండు కుండలు. పై కార్డు నాగో కాదో తిప్పకముందే తెలిసిపోతోంది.

అదే రోజు చెప్పాల్సింది. బాపిరాజుకూ కనబడుతూనే ఉంటుందిలే అనుకున్నాడు మొదట. కనబడటం లేదని తెలిశాక, వచ్చే వారం చెబుదాం అనుకున్నాడు. వచ్చే వారం తనే గెలిచాడు. గెలిచిన నోటితో చెబితే ఏం బాగుంటుంది? అలా చెప్పే రోజు కాస్తా దాటిపోయింది. అప్పటినుంచి ఓడ పంపేముందు ఫ్యాన్ వంకో గోడ మీది క్యాలెండర్ వంకో చూసేవాడు. చూడకూడదనుకున్న కన్నే ముందు చూస్తుంది, అదేం పాపమో. ఈ సంగతి బయటపడితే రాజు మళ్ళీ గడప తొక్కడని మధుకర్‌కు తెలుసు. రాజు రాకపోతే ఆదివారం లేదు. ఆదివారం లేకపోతే మిగిలేది అచ్చు చీరలే.

ఆగస్టు చివర్లో వాసుకి దొరికింది, ఒకే ఒక్కటి. ఆల్బమ్‌లో దాచిపెట్టే కార్డు కాదది, ఎవరి కట్టలో ఉంటే వాడిదే రాజ్యం. ఆడి గెలిచినవాడు తీసుకోవాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆట చివరికొచ్చింది. మధుకర్ చేతిలో ఒకే ఓడ మిగిలింది. ఆ రోజు ఫ్యాన్ వంక చూడలేదు. రాజు కట్ట వంకే చూశాడు. పైన ఎర్ర నీలం.

"ఈ వంతు వదిలేస్తున్న," అన్నాడు.

రాజు తన వంతులో ఆ పై కార్డు తీసుకున్నాడు. కింద పాత నీలం తేలింది. మధుకర్ ఓడ పంపాడు, గెలిచాడు.

"ఎలా తెలిసిందిరా నీకు?" రాజు నిజంగా మెచ్చుకున్నాడు.

"ఊకనే, మనసుకు కొట్టింది."

"నీ దగ్గరుంటేనే దానికి అందం, తీసుకో," అని రాజు వాసుకిని రెండు చేతులతో ఇచ్చాడు. దొంగకు తేలు కుడితే అరవలేడంటారు. మధుకర్ నవ్వుతూ అందుకున్నాడు.

సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి, హైవే మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నారు జనం. మధుకర్ వీధి మలుపులోనే టెంటు వేశారు. అతనూ వెళ్ళి కూర్చునేవాడు, గొంతు బొంగురుపోయేలా నినాదాలిచ్చేవాడు. ఆ మాట దాచలేదు, రాజు అడగనూ లేదు. రాష్ట్రం సంగతి గడప అవతల, ఆట గడప ఇవతల అని మొదట్లోనే ఒప్పందం.

బస్సుల్లేకపోయినా రాజు రావడం మానలేదు. వనస్థలిపురం నుంచి నడిచి, జేబులో కార్డుల కట్టతో, ఆ టెంటు ముందునుంచే వచ్చేవాడు.

"మా నాన్న రోజూ గోలరా," అన్నాడు ఒకసారి చెమట తుడుచుకుంటూ. "ఈ రోజుల్లో అటెందుకు, వాళ్ళని నమ్మొద్దు అంటాడు. ఆ ఇంట్లో మోసం ఉండదు నాన్నా, నాది పూచీ అని చెప్పొచ్చాను."

ఆ ఆదివారం మధుకర్ ఓడిపోవాలనే ఆడాడు. ఓడిపోవడానికి కూడా కార్డుల వీపులే చూడాల్సి వచ్చింది.

అక్టోబరు మొదటి ఆదివారం పొద్దున్నే కరెంటు పోయింది. బొగ్గు గనుల్లోనూ సమ్మే, ఇక కరెంటెక్కడిది? లోపల ఉక్క, చీకటి. భూలక్ష్మి పీట తెచ్చి వాకిట్లో, ఎండ పడేచోట వేసింది. కోదండం ఎప్పుడూ కూర్చునేదీ అక్కడే. పని లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని, పోయేవాళ్ళ బట్టల రంగులు చూస్తూ కూర్చోవడం ఆయనకు ఉద్యోగం అయిపోయింది.

నాలుగు వంతులు కూడా కాలేదు.

"ఆగుండ్రి," అన్నాడు కోదండం. ముందుకు వంగి రాజు కట్టను చేతిలోకి తీసుకుని, అంచులు విసనకర్రలా విప్పి ఎండకు పట్టాడు. "గిది ఒక్క కుండది గాదు."

మధుకర్ చెయ్యి చాపాడు. "నాయినా, అయి కార్డులు. నూలు గాదు, ఇటియ్యి."

"నూలైతేంది, కాయితమైతేంది? నీలం నీలమే గద." ఆయన కళ్ళలో ఒక వెలుగు వచ్చింది. పోచంపల్లి వదిలాక ఆ ముఖంలో అది కనిపించడం ఇదే మొదటిసారి. పై కార్డు పీట మీద బోర్లా పెట్టాడు. "సూడు మధూ. ఏ కుండది?"

"పాతది," అన్నాడు మధుకర్.

అనాలని అనలేదు. ఆ ప్రశ్నకు ఆ నోరు ఇరవై ఏళ్ళుగా అలవాటు పడింది. రాజు నవ్వుతూ కార్డు తిప్పాడు. ద్వీపం.

"ఇది?"

"కొత్తది."

నాగు. "అబ్బో!" అన్నాడు రాజు. భూలక్ష్మి టీ గ్లాసులతో గడపలో ఆగి, "చిన్నప్పటి సంది గంతే బిడ్డా, వాని కండ్లు గసొంటియి," అని మురిసిపోయింది.

మూడోది పాతది, రాజు కార్డు. నాలుగోది కొత్తది, నాగు. ఐదో కార్డు దగ్గర మధుకర్‌కు బుద్ధి వచ్చింది. ఒక్కటి తప్పు చెబితే చాలు, అంతా తమాషాగా ముగిసిపోతుంది. తలెత్తాడు. తండ్రి బెల్లం ముక్క పట్టుకున్న మనిషిలాగే చూస్తున్నాడు. కొడుకు తప్పు చెబితే ఆ ముఖం ఏమవుతుందో మధుకర్‌కు తెలుసు. "కొత్తది," అన్నాడు. కొత్తదే. పదో కార్డుకు రాజు నవ్వడం మానేశాడు, పదిహేనో కార్డుకు తిప్పి చూడటం కూడా మానేశాడు.

"ఎప్పట్నించి తెలుసురా?" అని మెల్లగా అడిగాడు.

మధుకర్ పీట మీది కార్డుల వంకే చూస్తున్నాడు.

"వాసుకి రోజు కూడానా?"

లేదు అనొచ్చు. కొట్లో రోజుకు వందసార్లు అబద్ధమాడే నోరే అది. ఈ ఒక్క మనిషి ముందు పెగల్లేదు. రాజు పీట మీది కార్డులు పోగు చేసి, అంచులు సర్ది, జేబులో పెట్టుకున్నాడు.

"బాబాయ్ గారూ, వస్తానండీ. పిన్ని గారూ, టీ ఇంకోసారి."

ఏం జరిగిందో కోదండానికి అర్థం కాలేదు. మధుకర్ వీధిలోకి పరుగెత్తి, టెంటుకు కాస్త ఇవతల రాజును అందుకున్నాడు.

"నల్ల కవర్లు తెప్పిస్త రాజూ. రెండు కట్టలకూ ఏద్దాం. వీపు ఎవ్వనికి కనబడది."

"రేపటి ఆటలకి వేస్తావు, సరే. అయిపోయినవాటికి ఏం వేస్తావురా?" రాజు గొంతులో కోపం లేదు, మధుకర్‌ను భయపెట్టింది అదే. "పాతాళం వచ్చాక పదిహేడు ఆదివారాలు. ఏది నువ్వు గెలిచావో, ఏది చూసి గెలిచావో నేను తేల్చుకోలేను. నువ్వు తేల్చగలవా?"

మధుకర్ కట్టలో కలపలేక జేబులోనే పెట్టుకు తిరుగుతున్న వాసుకిని తీసి ముందుకు చాపాడు. ఆ క్షణంలో ఆ కార్డు కంటే నీచమైనది ప్రపంచంలో లేదనిపించింది.

"ఉంచుకోండి," అన్నాడు రాజు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా వాడని మర్యాద అది. "ఇంటికెళ్ళి నాన్నకి ఏం చెప్పాలో, అదే ఆలోచిస్తున్నాను."

టెంటు ముందునుంచి వెళ్ళాడు. ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. ఆ వీధిలో అతనికి అన్యాయం చేసింది ఒక్క మధుకర్ ఇల్లే.

నెలాఖరుకు సమ్మె ముగిసింది. బస్సులు తిరిగాయి. నల్ల కవర్లు వచ్చాయని సాంబమూర్తి ఫోన్ చేస్తే మధుకర్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన షాపుకు వెళ్ళాడు. కవర్లతో పాటు కౌంటర్ కింద నుంచి ఒక కట్ట తీసి ఇచ్చాడాయన.

"మీ రాజు పడేసి పోయాడయ్యా. ఎవరైనా పిల్లలొస్తే ఇవ్వమన్నాడు. మనసొప్పక దాచాను. నువ్వే తీసుకో, నీకైతే పనికొస్తుంది."

ఇంటికి తెచ్చి కవర్లు వేశాడు, రెండు కట్టలకూ. ఎనభై కార్డులూ ఒకే నలుపు. వాసుకిని ఆల్బమ్‌లో ఖాళీ అరలో పెట్టాడు. తొంభైఆరూ నిండాయి. ఆదివారం పీట వేసుకుని అటు ఒక కట్ట, ఇటు ఒక కట్ట పెట్టుకున్నాడు. ఇప్పుడు ఏ కార్డు ఏదో ఎవరికీ తెలియదు. ఆట ఇన్నాళ్ళకు సక్రమంగా ఉంది. ఆడటానికి ఎదురుగా మనిషి లేడు.

కోదండం వాకిట్లోంచి లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ రోజు కుండల ఆట మధ్యలో ఆగిపోయి ఆయన ముచ్చట ఇంకా తీరలేదు. రెండు కార్డులకు కవర్లు ఊడదీసి, వీపులు పైకి పెట్టి, కొడుకు మోకాలు తట్టాడు.

"ఏ కుండది బిడ్డా?"

ఎడమది కొత్తది, కుడిది పాతది. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. మధుకర్ కుడి కార్డు మీద వేలు పెట్టాడు.

"ఇది కొత్తది."

నెల రోజుల కింద చెప్పాల్సిన తప్పు అది. కోదండం కార్డు వంక చూశాడు, కొడుకు వంక చూశాడు. ఇరవై ఏళ్ళలో వాడు తప్పు చెప్పడం ఇదే మొదటిసారి. కొట్లో ట్యూబులైట్ల కింద నిలబడి నిలబడి పిల్లవాడి కళ్ళు పోయాయనుకున్నాడు. ఊడదీసిన కవర్లు మెల్లగా మళ్ళీ తొడిగి, కార్డులను కట్టలో పెట్టాడు.

"పోనీలే బిడ్డా," అన్నాడు. "ఇప్పుడు గా కండ్లతోని పనేమున్నది."