ఆరని ఉప్పు

సూర్యాపేట మిషన్ బడిలో సైన్సు చెప్పే రాజారత్నానికి ఒక జబ్బుంది. పుస్తకంలో చదివింది చేత్తో చేసి చూడనిదే నిద్రపట్టదు. ఆ జబ్బు ఏనాడూ ఎవరికీ అక్కరకు రాలేదు. నలభై ఎనిమిది వానాకాలంలో మాత్రం దానికి పని పడింది.

భార్య బాలమ్మ మూడో నెల కడుపుతో మిర్యాలగూడలో పుట్టింట్లో ఉంది. వేవిళ్లు అందరికీ ఉంటాయి గాని, ఈమెకు గుక్కెడు మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. మనిషి ఎండిపోయి మంచానికి అంటుకుపోయింది. దవాఖానలో డాక్టరు సీరియం ఆక్జలేటు అనే పొడి పేరు చెప్పి చేతులెత్తేశాడు. అది బెజవాడ నుంచి రావాలి. ఇండియా ప్రభుత్వం నిజాం సంస్థానానికి సరుకులు బంద్ చేసింది. కోదాడ దాటి ఇవతలికి ఒక మాత్ర కూడా రావడం లేదు.

సీరియం అరుదైన లోహమే. అయితే సిగరెట్ లైటర్లో నిప్పురవ్వ రాల్చే రాయిలో అదే ఎక్కువని రాజారత్నం చదివాడు. కోదాడలో లైటర్లమ్మే చంద్రమౌళి కాళ్లావేళ్లా పడి, ఉన్న రాళ్లన్నీ తెచ్చుకున్నాడు. బడిలో మిగిలిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేస్తే బుసబుసా పొంగి కరిగాయి. ఆ నీళ్లే సీరియం క్లోరైడ్. రాళ్లలోని ఇనుమూ అందులో కలిసింది గాని దానికి అతను భయపడలేదు. ఆక్జాలిక్ యాసిడ్ పోస్తే ఇనుము నీళ్లలోనే ఉండిపోయి, మందు తెల్లగా అడుగుకు దిగుతుంది. కడిగి ఆరబెడితే చాలు. ఆ యాసిడ్ మిర్యాలగూడ డాక్‌బంగళాలో ఇత్తడి సామాను తోమే మామ మట్టయ్య దగ్గర డబ్బాడు ఉంది.

చిక్కంతా దారిలోనే. అడుగడుగునా రజాకార్ల తనిఖీ. సీసాలో ద్రావకం కనబడిందా, బాంబులు చేసేవాడని అక్కడే కాల్చిపారేస్తారు. నీళ్లు ఇగిరించి, ఉప్పు చేసి, పొట్లంలో కట్టుకుపోవాలి.

ఉప్పయితే వచ్చింది, ఆరితేగా! ఈ క్లోరైడ్‌కు గాలిలో తడి తగిలితే చాలు, ఆబగా తాగేస్తుంది. ముసురులో పొట్లం కట్టేలోపే చెమర్చి నీరైపోయేది. మళ్లీ ఇగిరించడం, మళ్లీ నీరు. మిర్యాలగూడ నుంచి వచ్చిన బండివాడు "మీ ఇంటామె కండ్లు తెరుస్తలేదు సారూ" అని చెప్పిపోయాక రాజారత్నం ఇంకాగలేకపోయాడు. ఉప్పును ఇనుప పెనం మీద పోసి, కింద బొగ్గులు ఎర్రగా రాజేశాడు. ఘాటైన పొగ లేచి కళ్లు మండాయి. చివరికి ఇటుకరంగు పొడి మిగిలింది. గాలికి పెట్టి చూశాడు. చెమ్మగిల్లలేదు. ఆ సంతోషానికి అతనికి ఏడుపొచ్చింది.

దారిలో పొట్లం విప్పించారు. "పండ్లపొడి దొరా" అన్నాడు. ఒకడు వేలితో తీసి పళ్లకు రుద్దుకుని, ఉమ్మేసి, పొమ్మన్నాడు.

అత్తవారింట్లో మట్టయ్య యాసిడ్ డబ్బా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. రాజారత్నం గ్లాసెడు నీళ్లలో పొడి వేసి కలిపాడు. క్లోరైడ్ అయితే చిటికెలో కరగాలి. కరగలేదు. మళ్లీ కలిపాడు. పొడి మొత్తం ఇసుకలా అడుక్కి పోయి కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది పుస్తకంలోని మాట. ఈ క్లోరైడ్‌ను ఒట్టిగా కాల్చకూడదు, నవసాగరం కలిపి కాల్చాలి. లేకపోతే ఆవిరై పోయే నీళ్లు యాసిడ్‌ను కూడా వెంటబెట్టుకుపోతాయి. మిగిలేది కరగని మన్ను. పోనీ నవసాగరం దొరకని వస్తువా? బడి పక్కనే, గిన్నెలకు కళాయి పూసే సైదయ్య కొట్లో గడ్డలు గడ్డలుగా ఉంది. చదివినవన్నీ చేసి చూసే మనిషి, ఆ ఒక్క ముక్కే తొందరలో మరిచాడు.

"గదేనా మందు? ఇయ్యరాదే అమ్మా" అంది మంచం మీంచి బాలమ్మ.

రాజారత్నం కాదనలేక గ్లాసు కింద పెట్టాడు. అత్త బుచ్చమ్మ పైనున్న తేటనీళ్లు వంచి కూతురి నోటికి అందించింది.

బాలమ్మ ఒక గుక్క మింగి, రెండు చేతులతో నోరు నొక్కిపట్టుకుంది. మెడ నరాలు తేలాయి, కళ్ల వెంట నీళ్లు కారాయి. అయినా చేతులు తియ్యలేదు. చివరికి ఆగలేక ఆ గుక్కెడూ కక్కేసింది.

మూతి తుడుచుకుని మొగుడి వంక చూసింది.

"పొద్దటి కంటె శానసేపు ఆగింది కదయ్యా. మంచిగ చేసినవ్. ఇంకింత చేసి తే."

"తెస్త" అన్నాడు రాజారత్నం. ఉన్న రాళ్లన్నీ ఈ పొడికే అయిపోయాయి; ఇక దేంతో చెయ్యాలో, ఎక్కడికి పోవాలో తెలియక మంచంకోడు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.